మూసినా ఆగని నీళ్లు: ఒక గేట్ వాల్వు కేస్ స్టడీ

చేయాల్సిన పని చిన్నదే. కింది అంతస్తు బాత్రూమ్‌లో వాల్ మిక్సర్ (వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కొళాయి) వెనక, గోడ లోపల అర అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు కూడా వాడే ప్లాస్టిక్ పైపు రకం) ఎఫ్‌టీఏ, అంటే లోపలి వైపు మరలున్న జాయింటు ముక్క, పగిలింది. గోడ అవతలి వైపు చెమ్మ కనిపిస్తోంది. టైలు తీసి, పగిలిన ముక్కను దాని టీతో (పైపు రెండుగా చీలే చోటి మూడు మూతుల ముక్క) సహా కోసేసి, కొత్తవి అతికించాలి. నీళ్లు కట్టేస్తే రెండు గంటల పని. కానీ ఈ కేసులో రోజులో ఎక్కువ భాగం ఆ కట్టేయడానికే పోయింది.

ముందు ఇంటి లైను. రెండంతస్తులు. టెర్రస్ మీద 1000 లీటర్ల ట్యాంకు. దాని నుంచి 1 అంగుళం సీపీవీసీ పైపు పిట్టగోడ వెంట 4 మీటర్లు నడిచి, 6 మీటర్లు కిందికి దిగి, రెండు బాత్రూములకూ వంటింటికీ చన్నీళ్లు ఇస్తుంది. ట్యాంకుకి అడుగు దూరంలో ఒక ఇత్తడి గేట్ వాల్వు (వీల్ తిప్పితే లోపల ఒక పలక దిగి దారి మూసే రకం) ఉంది. కింద ఏ బ్రాంచి మీదా విడిగా వాల్వు లేదు కాబట్టి చన్నీళ్లు ఆపాలంటే ఇదొక్కటే దిక్కు. వేడినీళ్లు సోలార్ హీటర్ నుంచి వేరే లైనులో దిగి మిక్సర్లకు చేరతాయి. ఈ రెండో లైను సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

కొలిచి చూస్తే

గేట్ వాల్వు వీల్ మూడున్నర చుట్లు తిరిగి బిగుసుకుంది. చేతికి మూసుకున్నట్టే అనిపించింది. గేట్ వాల్వుతో వచ్చే చిక్కు ఇదే. లోపలి గేటు అడుగు దాకా దిగి ఆగిందో, అడుగున పేరుకున్న సున్నం మీద కూర్చుని ఆగిందో చేతికి తెలియదు. రెండు చోట్లా బిగుతు ఒకేలా ఉంటుంది. ఆ వాల్వు కొత్తలో ఎన్ని చుట్లకు మూసుకునేదో ఎవరూ రాసిపెట్టలేదు కనుక మూడున్నర అన్న అంకెతోనూ ఏమీ తేల్చలేం.

తేల్చేది కింది కొళాయి. అన్నిటికంటే కింద ఉన్న కొళాయిని పూర్తిగా తెరవాలి, పై అంతస్తులో కూడా ఒక కొళాయి తెరిచి ఉంచాలి. పైది తెరవకపోతే పైపులోకి గాలి వెళ్లదు. స్ట్రా పై చివర వేలితో మూసి ఎత్తితే అందులో నీళ్లు నిలిచినట్టే లైనులోనూ నిలుస్తాయి, గంటల తరబడి బొట్టు బొట్టుగా కారుతూ ఉంటాయి. దాన్ని చూసి బాగున్న వాల్వును కూడా పాడైందని తీర్మానించేస్తుంటారు.

లైనులో ఎన్ని నీళ్లున్నాయో లెక్క కట్టడం కష్టం కాదు. ఎస్‌డీఆర్ 11 (పైపు గోడ మందాన్ని చెప్పే అంకె) రకం 1 అంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం సుమారు 23 మిల్లీమీటర్లు. మీటరుకు దాదాపు 430 మి.లీ. పడతాయి. ముప్పావు అంగుళం పైపులో అయితే మీటరుకు 260 మి.లీ. ఈ ఇంట్లో వాల్వు కింద 10 మీటర్ల 1 అంగుళం పైపుకు 4.3 లీటర్లు, బ్రాంచీలకు ఇంకో లీటరు పైచిలుకు, మొత్తం ఐదున్నర లీటర్లు. ఒక బకెట్టు నిండకముందే ధార తెగిపోవాలి.

తెగలేదు. మొదటి 5 లీటర్లు జోరుగా వచ్చి, ఆ తర్వాత ధార పెన్సిల్ మందానికి సన్నబడి అక్కడే నిలిచింది. కొలత గ్లాసు పెట్టి పట్టుకుంటే నిమిషానికి 420 మి.లీ. పది నిమిషాల తర్వాత మళ్లీ పట్టుకున్నా అదే 420. పైపులో మిగిలిన నీళ్లయితే ప్రతి కొలతకూ తగ్గుతూ పోవాలి. తగ్గడం లేదంటే ఎక్కడి నుంచో వచ్చి చేరుతున్నాయని అర్థం.

రెండు దారులు

ఇక్కడ చాలామంది నేరుగా వాల్వు విప్పడానికి వెళ్తారు. ఈ కేసులో ఆ తొందర పనికొచ్చేది కాదు, ఎందుకంటే ఆ 420 మి.లీ.లో సగానికి పైగా వాల్వుకు సంబంధం లేనివి. ఆ సంగతి పట్టించింది చెయ్యి. ధార కింద వేళ్లు పెడితే నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. చన్నీళ్ల లైనులో, అదీ ఐదారు లీటర్లు వదిలేశాక, వెచ్చదనం ఉండకూడదు.

పై బాత్రూమ్‌లో మిక్సర్‌కు హ్యాండ్ షవర్ బిగించి ఉంది. దాని చివర నొక్కితే నీళ్లు వచ్చే మీట ఉంటుంది. వాడేవాళ్లు వేడి, చల్లటి నాబ్‌లు రెండూ తెరిచి వదిలేసి మీటతోనే కట్టుకుంటున్నారు. అంటే మిక్సర్ లోపల రెండు లైన్లూ కలిసే ఉన్నాయి. మామూలుగా రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి ఏమీ తెలియదు. చన్నీళ్ల వాల్వు మూసి ఆ లైను ఖాళీ చేయగానే వేడినీళ్లు మిక్సర్ గుండా ఇటు దిగాయి. ఆ రెండు నాబ్‌లూ మూసి కొలిస్తే నిమిషానికి 170 మి.లీ. మిగిలిన 250 సోలార్ నీళ్లే.

కనుక వరస ఇది: మెయిన్ వాల్వు మూశాక ఇంట్లో ఉన్న ప్రతి మిక్సర్‌కూ రెండు నాబ్‌లూ మూయాలి, ఆ తర్వాతే కొలవాలి. గీజరు ఉన్న ఇళ్లలో కూడా వేడినీళ్ల లైను వేరుగా దిగితే ఇదే జరుగుతుంది. చన్నీళ్ల కొళాయిలో వేసవి కాకపోయినా అప్పుడప్పుడూ వెచ్చటి నీళ్లు వస్తున్నాయని ఇంటివాళ్లు అంటే, ఏదో ఒక మిక్సర్ ఇలా తెరిచి ఉందని అనుమానించాలి. మిక్సర్‌కు వచ్చే రెండు కాళ్ల మీదా నాన్ రిటర్న్ వాల్వులు (నీళ్లను ఒకే వైపు పోనిచ్చేవి) వేస్తే ఈ బెడద ఉండదు.

వాల్వును కదిలించడం

170 వాల్వు లెక్క. పైపు రెంచి తీసుకుని వీల్‌ను ఇంకో పావు చుట్టు బిగించాలని చెయ్యి లాగుతుంది. బిగించకూడదు. గేటు అనేది స్పిండిల్ (వీల్‌తో పాటు తిరిగే కడ్డీ) చివర ఒక గాడిలో వేలాడే ఇత్తడి ముక్క. కింద సున్నం అడ్డుండగా బలం వేస్తే ఆ గాడి చీలుతుంది, లేదా స్పిండిల్ మరలు అరుగుతాయి. అప్పుడు వీల్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, గేటు మాత్రం పడ్డ చోటే ఉండిపోతుంది. అది మూసుకున్న స్థితిలో పడితే ఇంటికి చుక్క నీళ్లు రావు. అందుకే పాత గేట్ వాల్వు మీద చెయ్యి వేయడానికి ముందే బదులు వాల్వు, పైపు, కటర్, సొల్యూషన్ (సీపీవీసీ అతికించే ద్రవం) పక్కన ఉండాలి. పని మధ్యలో సామాను వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

చేయాల్సింది తోమడం. ముందు అన్ని కొళాయిల జాలీలూ షవర్ తలా విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే ఊడిన సున్నం వెళ్లి వాటిలోనూ మిక్సర్ కార్ట్రిడ్జ్‌లోనూ (లోపల నీళ్లు తెరిచి మూసే భాగం) ఇరుక్కుంటుంది. కింది కొళాయి పూర్తిగా తెరిచి, వాల్వును పూర్తిగా తెరవాలి. తర్వాత నెమ్మదిగా మూస్తూ, ఇంకో పావు చుట్టులో మూసుకుంటుందనగా ఆపి, పది పదిహేను సెకన్లు అలా వదిలేయాలి. ఆ సన్నటి సందులోంచి దూసుకుపోయే నీళ్లు గేటు కూర్చునే గాడిని కడుగుతాయి. మళ్లీ తెరవాలి, మళ్లీ మూయాలి. కొళాయికి కట్టిన గుడ్డ సంచిలో పెసరబద్దంత తెల్లటి రేకులు పడ్డాయి. మొదటి విడతకు 170 కాస్తా 110 అయింది, తర్వాత 80, తర్వాత 60. నాలుగో విడతా ఐదో విడతా 60 దగ్గరే ఆగాయి. అంటే మిగిలింది సున్నం కాదు, అరుగుదల. ఆరోసారి తిప్పి ప్రయోజనం లేదు.

ఇంతలో గ్లాండ్ (స్పిండిల్ వాల్వు లోంచి బయటికొచ్చే చోటు) దగ్గర చెమ్మ మొదలైంది. ఏళ్లుగా కదలని స్పిండిల్‌ను తిప్పితే చుట్టూ ఉన్న ఎండిన ప్యాకింగ్ వదులవడం మామూలే. గ్లాండ్ నట్‌ను చుట్టులో ఎనిమిదో వంతు బిగిస్తే ఆగింది. వీల్ తిప్పడం కష్టమయ్యేంత బిగిస్తే తర్వాతిసారి స్పిండిల్ మెలిపడుతుంది.

60 మి.లీ. సరిపోతుందా

ఏ పని చేస్తున్నాం అన్నదాన్ని బట్టి. కొళాయి మార్చాలన్నా, యాంగిల్ కాక్ (ఒక్కో కొళాయికో గొట్టానికో నీళ్లు కట్టే చిన్న వాల్వు) విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలన్నా నిమిషానికి 60 మి.లీ. పెద్ద విషయం కాదు, కింద మగ్గు పెట్టి చేసేయొచ్చు. మరలతో బిగించే జాయింటుకు తడి అడ్డం కాదు. సీపీవీసీ అతుకు వేరు. సొల్యూషన్ రెండు ప్లాస్టిక్ పైపొరలను మెత్తబరిచి ఒకటిగా కలుపుతుంది. మధ్యలో నీటి పొర ఉంటే ఆ చోట కలవదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల సన్నటి కాలువ మిగులుతుంది. ఆ తర్వాత ఎప్పుడో, టైలు వేసి గ్రౌటింగ్ ఆరాక, మళ్లీ చెమ్మ కనిపిస్తుంది.

కింది కొళాయి తెరిచి ఉంచితే ఆ కాస్త నీళ్లూ అటే పోతాయి కదా అనొచ్చు. వేరే ఇంట్లో అయితే ఒప్పుకోవచ్చు. ఇక్కడ ఆ కొళాయికి వెళ్లే దారి మార్చాల్సిన టీ గుండానే ఉంది. అతుకు పెట్టే చోటే నీళ్లు పారుతుంటాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. వాల్వు ట్యాంకు పక్కనే ఉంది కాబట్టి దాని మీద ఉన్నది మీటరు ఎత్తు నీళ్ల బరువే. కారుడు ఒత్తిడి వర్గమూలం చొప్పున పెరుగుతుంది. ఇదే వాల్వు 3 బార్ ఒత్తిడి లైను మీద ఉంటే, అంటే 30 మీటర్ల ఎత్తు నీళ్లకు, అదే సందులోంచి ఐదున్నర రెట్లు వచ్చేవి: నిమిషానికి 330 మి.లీ. ఒక ఇంట్లో పర్వాలేదనిపించిన వాల్వు ప్రెషర్ పంపు పెట్టగానే బొత్తిగా పనికిరాకుండా పోవడం ఇందుకే.

కాబట్టి నిర్ణయం: ట్యాంకు ఖాళీ చేసి, వాల్వును మార్చి, అదే విడతలో కింది పనీ ముగించడం. ట్యాంకు లోపలి నుంచి అవుట్‌లెట్‌కు గుడ్డ చుట్టిన చెక్క బిరడా కొట్టే పద్ధతి ఉంది, నీళ్లు వృథా కావు. కానీ ఈ ట్యాంకు లోతుకు చెయ్యి అందదు, తల దూర్చి వేలాడాలి. అది ప్రమాదం. గుడ్డ జారి పైపులోకి పోతే ఇప్పుడున్న తలనొప్పికి ఇంకోటి తోడు. ఆ దారి వదిలేయడమే మంచిది.

ఖాళీ చేసేటప్పుడు సోలార్ జాగ్రత్త

ట్యాంకులో ఆ సమయానికి 400 లీటర్ల దాకా ఉన్నాయి. మోటార్ స్విచ్ ఆపి, రెండు కొళాయిల నుంచి డ్రమ్ముల్లోకీ వంటింటి పాత్రల్లోకీ పట్టుకుంటే అరగంట పైన పట్టింది. ఆ నీళ్లే పని అయ్యేవరకు ఇంటి వాడకానికి.

కొళాయి తిప్పకముందే సోలార్‌కు చన్నీళ్లు వెళ్లే పైపు మీది వాల్వు కట్టాలి. కట్టకపోతే ట్యాంకు మట్టం దిగుతున్న కొద్దీ సోలార్ ట్యాంకులోని నీళ్లు అదే పైపు గుండా వెనక్కి వచ్చేస్తాయి, గాజు గొట్టాలు ఎండలో ఒట్టిగా కాగే ప్రమాదం ఉంది. సాయంత్రం మళ్లీ చన్నీళ్లు వదలగానే అవి పగలొచ్చు. సోలార్ మీద నిటారుగా ఉండే గాలి గొట్టాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదు. బ్యాకప్ కాయిల్ (ఎండ లేనప్పుడు కరెంటుతో వేడిచేసేది) ఉంటే దాని స్విచ్ కూడా ఆపేయాలి.

మార్పిడి

పాత వాల్వు రెండు వైపులా ఎంటీఏలతో (బయటి వైపు మరలున్న జాయింటు ముక్కలు) బిగించి ఉంది, యూనియన్ (పైపు కోయకుండా విప్పి మళ్లీ బిగించగల జాయింటు) లేదు. యూనియన్ లేని వాల్వును విప్పలేం, కోయడమే. ట్యాంకు వైపు పైపు కురచగా ఉంది కాబట్టి ఆ వైపు ఎంటీఏకి ఆనుకుని కోయాలి, అవతలి వైపు కొంచెం దూరంగా కోసినా ఫర్వాలేదు.

కొత్తగా వేసినవి: 1 అంగుళం ఇత్తడి ఫుల్ బోర్ బాల్ వాల్వు ఒకటి, ఇత్తడి మరలున్న ఎంటీఏలు రెండు, సీపీవీసీ యూనియన్ ఒకటి, కప్లర్ (రెండు పైపు ముక్కలను కలిపేది) ఒకటి, 40 సెంటీమీటర్ల పైపు. ఫుల్ బోర్ (రంధ్రం పైపంత వెడల్పు ఉన్నది) అనడానికి కారణం, ట్యాంకు నుంచి దిగే లైనులో ఒత్తిడి తక్కువ. రంధ్రం చిన్నదైన వాల్వు వేస్తే పై అంతస్తు షవర్‌లో ధార తగ్గుతుంది. పొడుగు మీట ఉన్న వాల్వును ముందు పట్టి చూస్తే పిట్టగోడకు తగిలి ముప్పావు వంతే తిరిగింది. కురచ సీతాకోకచిలుక పిడి ఉన్నది తీసుకోవాల్సి వచ్చింది. కొనేముందే అక్కడ 90 డిగ్రీలు తిరిగే చోటుందో లేదో చూసుకోవడం మేలు.

మరలు బిగించే పని ముందు, అతుకు పని తర్వాత. రెండు ఎంటీఏలనూ వాల్వులోకి కింద కూర్చునే బిగించేయాలి. టేపు, మరలున్న చివర నుంచి చూస్తే కుడివైపు తిరిగేలా, మొదటి మర వదిలేసి, పలచటి టేపు అయితే 8 నుంచి 10 చుట్లు. వాల్వుకు రెండు చివర్లా షట్కోణం ఉంటుంది. ఏ చివర ఎంటీఏ బిగిస్తున్నామో ఆ చివరి షట్కోణాన్నే పానతో పట్టుకోవాలి. అవతలి చివర పట్టుకుని తిప్పితే బలం వాల్వు ఒళ్లంతా పాకి మధ్య జాయింటు వదులవుతుంది. చేత్తో బిగిసినంత బిగించాక పానతో ఒకటి లేదా ఒకటిన్నర చుట్టు చాలు. అతికాక మరలు బిగించాలని చూస్తే కొత్త అతుకు మెలితిరుగుతుంది.

తర్వాత అతుకు. పైపును నిటారుగా కోసి, లోపలి, బయటి అంచుల్లో లేచిన పొట్టు చాకుతో గీకి, బయటి అంచుకు కొంచెం వాలు తీయాలి. వాలు లేకపోతే పదునైన అంచు సాకెట్‌లోని సొల్యూషన్‌ను ముందుకు నెట్టేస్తుంది. తడి పూర్తిగా తుడిచి, సాకెట్ లోతు కొలిచి పైపు మీద పెన్సిల్ గీత పెట్టాలి. సొల్యూషన్ పైపుకు దండిగా, సాకెట్‌కు పలచగా. సాకెట్ లోపల ఎక్కువైతే గడ్డకట్టి దారి మూస్తుంది. వెంటనే లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, గీత దాకా వెళ్లాక అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు దానంతట అదే కొంచెం వెనక్కి జరుగుతుంది. మూతి చుట్టూ సన్నటి వలయం తెగకుండా కనిపిస్తే అతుకు బాగుంది. ఒకచోట తెగిందంటే ఆ చోట సొల్యూషన్ చాల్లేదు. పైన చెరపడం, మళ్లీ పూయడం కుదరదు, కోసి మళ్లీ చేయాల్సిందే.

యూనియన్‌ను వాల్వు తర్వాత, కిందికి వెళ్లే వైపు పెట్టడం జరిగింది. రెండు వైపులా పెడితే విప్పడం ఇంకా తేలిక, కానీ రెండో ఓ-రింగ్ (లోపలి రబ్బరు వలయం) అంటే కారడానికి రెండో చోటు. టెర్రస్ మీద ఒకటి చాలు.

కింద బాత్రూమ్‌లో పని దీని వెనకే సాగింది. టీ ఒకటి, ఇత్తడి మరల ఎఫ్‌టీఏ ఒకటి, కప్లర్లు రెండు, 30 సెంటీమీటర్ల అర అంగుళం పైపు. సొల్యూషన్ డబ్బా మీద రాసిన వేళ దాటేవరకు నీళ్లు వదల్లేదు.

నీళ్లు వదిలాక

వాల్వును పావు వంతు తెరిచి నెమ్మదిగా నింపితే యూనియన్ దగ్గర చెమ్మ కనిపించింది. చెయ్యి ముందు నట్ మీదికి పోతుంది, కానీ కారణం బిగుతు కాదు. విప్పి చూస్తే ఓ-రింగ్ మీద పైపు కోసినప్పుడు రాలిన పొట్టు రేణువు. తుడిచి చేత్తోనే బిగిస్తే ఆగింది. పానతో బిగించి ఉంటే రేణువు రబ్బరులో దిగిపోయేది.

కింది బాత్రూమ్‌లో నీళ్లు వచ్చాయి, పై బాత్రూమ్‌లో రాలేదు. టెర్రస్ మీది 4 మీటర్ల అడ్డ పైపు మధ్యలో కాస్త ఎత్తుగా ఉంది, అక్కడ గాలి ఇరుక్కుంది. మిగతావన్నీ కట్టేసి, వాల్వు పూర్తిగా తెరిచి, అన్నిటికంటే కింది కొళాయిని రెండు నిమిషాలు జోరుగా వదిలితే నాలుగైదు సార్లు బుడబుడమని గాలి బయటికొచ్చి పైన ధార మొదలైంది. జాలీలు అప్పుడు బిగించాలి, అంతకు ముందు కాదు. సోలార్‌కు చన్నీళ్లు సూర్యుడు దిగాక వదిలారు.

చివరి కొలత మొదటి కొలత లాగే: వాల్వు మూసి, మిక్సర్లన్నీ కట్టి, పైనా కిందా కొళాయిలు తెరిచి, లైను ఖాళీ అయ్యాక పది నిమిషాలు కొలత గ్లాసు కింద పెట్టి చూస్తే సున్నా. కొత్త అతుకుల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి మర్నాటి దాకా వదిలారు, పొడిగానే ఉంది.

విప్పి చూసిన పాత వాల్వు

బానెట్ (వాల్వు పై మూత) విప్పితే గాడి అడుగున సున్నం పొర ఒక వైపు ఊడి, రెండో వైపు రాయిలా అతుక్కుని ఉంది. దానికంటే చెప్పుకోదగ్గది గేటు. కింది అంచు మాత్రమే నెలవంకలా అరిగి, పైభాగం కొత్తదానిలా ఉంది. ఎవరో ఈ వాల్వును చాలాకాలం సగం మూసి వాడారు, బహుశా కింది అంతస్తులో ధార జోరు తగ్గించడానికి. సగం తెరిచిన గేటు నీటి ఉరవడికి అదురుతూ అంచు అరగదీసుకుంటుంది. గేట్ వాల్వును తెరిస్తే పూర్తిగా తెరవాలి, ఆ తర్వాత బిగుసుకుపోకుండా పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ధార తగ్గించడానికి బాత్రూమ్ దగ్గర యాంగిల్ కాక్‌లు ఉన్నాయి.

గేటు మీద అక్కడక్కడా పసుపు పోయి రాగి గులాబీ రంగు తేలింది. ఇత్తడిలోని జింకు నీళ్లలోకి పోయి రాగి మిగిలితే ఇలా మారుతుంది. చూడ్డానికి గట్టిగా ఉన్నా స్పంజిలా గుల్లబారి ఉంటుంది. స్పిండిల్ పట్టే గాడి ఒక చెంప ఆ రంగులోనే ఉంది, గోరుకు తగిలే చీలిక కూడా పడింది. వీల్ మీద రెంచి వేసి ఉంటే విరిగేది అక్కడే.

పగిలిన ఎఫ్‌టీఏ కథ ఇంకా పొట్టిది. అది ఒట్టి ప్లాస్టిక్ మరలది. అందులోకి మిక్సర్ ఇత్తడి కాలును మందంగా టేపు చుట్టి బలంగా తిప్పారు. మూతి దగ్గర నిలువుగా ఒక్క చీలిక. అందుకే కొత్తది ఇత్తడి మరలది వేసి, మిక్సర్ కాలును చేత్తో బిగించాక పానతో ఒక్క చుట్టే తిప్పారు.